సైబర్ భద్రతకు గణిత పునాదులు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు అనుభవం

కంప్యూటర్లలో, ఫోన్లలో, వాటిని కలిపే నెట్‌వర్కుల్లో ఉన్న సమాచారాన్నీ డబ్బునూ పరాయివాళ్ల పాలుకాకుండా కాపాడే పద్ధతులన్నిటినీ కలిపి సైబర్ భద్రత అంటారు. ఈ పద్ధతులకు ఆధారం సంఖ్యా సిద్ధాంతం, బీజగణితం, సంభావ్యత, సమాచార సిద్ధాంతం, కాంబినటోరిక్స్, గ్రాఫ్ సిద్ధాంతం. ఇవన్నీ విశ్వవిద్యాలయాల విషయాలుగా కనిపించినా, 2016 అక్టోబరు దాకా ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ఉన్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల దైనందిన జీవితం వీటి మీదే నడుస్తోంది. గల్ఫ్ దేశాల నుంచి ఇంటికి వచ్చే డబ్బు, సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసేవారి కూలి, బీడీ కార్మికుల పింఛను ఇప్పుడు ఎక్కువగా బ్యాంకు ఖాతానో, వేలిముద్రనో, ఫోనునో దాటే చేతికి వస్తున్నాయి. ఈ ప్రాంతంలో జరిగిన మోసాలను దగ్గరగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఇక్కడ ఎన్‌క్రిప్షన్ లెక్కను ఛేదించి ఎవరూ డబ్బు దోచలేదు. లెక్క నిజమనుకుని మొదలుపెట్టిన విషయాలు అబద్ధమైన చోటే నష్టం జరిగింది. కాబట్టి సైబర్ భద్రతలో గణితం పాత్రను అర్థం చేసుకోవాలంటే అది ఇచ్చే హామీతో పాటు ఆ హామీకున్న షరతులనూ చదవాలి.

షరతులతో కూడిన హామీ

జగిత్యాల కోట నక్షత్రాకారంలో ఉంటుంది. 18వ శతాబ్దం మధ్యలో జఫరుద్దౌలా ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో దాన్ని కట్టించాడని స్థానిక చరిత్ర చెబుతుంది. ఆ ఆకారం అలంకారానికి వచ్చింది కాదు. గుండ్రటి బురుజు మొదట్లో, పక్క బురుజుల మీది కాపలాదారుల గుళ్లు అందని చాటు కొంత మిగులుతుంది. గోడను ఆనుకున్న శత్రువుకు అక్కడ ఏ భయమూ ఉండదు. బురుజులను కోణాలుగా ముందుకు తెస్తే ప్రతి బురుజు ముఖమూ పక్క బురుజు మీది తుపాకులకు తిన్నగా కనిపిస్తుంది, చాటు అనేది మిగలదు. సరళరేఖల జ్యామితి ఇచ్చిన ఈ హామీ గట్టిదే. అయితే శత్రువు బయటి నుంచే రావాలి, లోపలివాడెవడూ తలుపు తీయకూడదు. ఆ రెండూ తప్పితే కోణాలు ఎంత చక్కగా కుదిరినా కోట నిలవదు.

సైబర్ భద్రతలోని ప్రతి సిద్ధాంతం తీరూ ఇదే. పాఠశాల రేఖాగణితంలో ప్రతి సిద్ధాంతానికీ ముందు దత్తాంశం, తర్వాత సారాంశం రాస్తారు. ఉపపత్తి రెండోదానికే పూచీ పడుతుంది, మొదటిది నిజమైతేనే పడుతుంది. ఎన్‌క్రిప్షన్‌కు సాధారణంగా మూడు దత్తాంశాలుంటాయి. ఒకటి, ఫలానా లెక్క చేయడం చాలా కష్టం. రెండు, కీ ఎవరూ ఊహించలేనిది, యజమానికి తప్ప ఎవరికీ తెలియనిది. మూడు, అవతలి కొసన ఉన్నది మనం అనుకుంటున్న మనిషే. మొదటిదాన్ని గణితజ్ఞులు దశాబ్దాలుగా బహిరంగంగా పరీక్షిస్తున్నారు. మిగిలిన రెండింటినీ పరీక్షించేది ఎక్కువగా మోసగాళ్లే.

పొరపాటు వేరు, పగవాడు వేరు

ఆధార్ సంఖ్యలో 12 అంకెలుంటాయి. చివరి అంకె మిగిలిన పదకొండింటి నుంచి లెక్కగట్టి పెట్టిన సరిచూపు అంకె. డచ్ గణితజ్ఞుడు యాకోబస్ వెర్‌హూఫ్ 1969లో ప్రచురించిన పద్ధతి దీనికి ఆధారం. ఒక క్రమ పంచభుజిని తిప్పడం, బోర్లించడం ద్వారా దాని ఆకారం చెడకుండా పది రకాలుగా మార్చవచ్చు, ఒక్కో అంకెకు ఒక్కో మార్పు. తిప్పి బోర్లిస్తే వచ్చేది, బోర్లించి తిప్పితే వచ్చేది ఒకటి కాదు. అంకెల వరుస మారితే ఫలితం మారాలన్న అవసరానికి ఈ గుణం సరిగ్గా సరిపోయింది. అందువల్ల ఒక అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా ఈ పద్ధతి తప్పకుండా పట్టేస్తుంది. డెబిట్ కార్డు సంఖ్యలకు వాడే లూన్ పద్ధతి ఇంతకంటే సులువైనదే కానీ, 09 బదులు 90 అని రాస్తే గుర్తించలేదు.

మీసేవా కేంద్రంలో హడావిడిగా అంకెలు కొట్టే చేతికి ఈ రక్షణ చాలు. కానీ సూత్రం అందరికీ తెలిసినదే కాబట్టి సరిచూపు అంకె సరిపోయే నకిలీ సంఖ్యను ఎవరైనా క్షణంలో తయారుచేయవచ్చు. పొరపాటుకు ఉద్దేశం ఉండదు, పగవాడికి ఉంటుంది. యాదృచ్ఛికంగా జరిగే తప్పును పట్టే గణితం, తెలివిగా చేసే తప్పును పట్టదు. ఈ తేడా నుంచే గూఢలిపి శాస్త్రం అవసరం మొదలవుతుంది. పద్ధతి అంతా శత్రువుకు తెలిసినా కీ ఒక్కటి తెలియకపోతే రహస్యం నిలవాలన్న నియమాన్ని ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ 1883లోనే చెప్పాడు.

కష్టమైన లెక్క మీద నిలిచిన కీ

1949లో క్లాడ్ షానన్ సంపూర్ణ రహస్యం సాధ్యమేనని నిరూపించాడు. దానికి కీ కనీసం సందేశమంత పొడవుండాలి, పూర్తిగా యాదృచ్ఛికమై ఉండాలి, ఒక్కసారే వాడాలి. కోట్ల మంది వాడే వ్యవస్థకు ఇంత ఖరీదు కుదరదు. అందుకని ఆధునిక పద్ధతులు ఛేదించడం అసాధ్యమన్న హామీని వదిలి, అతి కష్టమన్న హామీతో సరిపెట్టుకున్నాయి. 128 బిట్ల కీలు ఎన్ని ఉంటాయో రాయాలంటే సుమారుగా 34 పక్కన 37 సున్నాలు పెట్టాలి. ప్రతి కీనీ ప్రయత్నించి చూడటం ఏ యంత్రానికీ అయ్యే పని కాదు. 2001లో ప్రమాణంగా ప్రకటించిన ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి 256 మూలకాలున్న ఒక పరిమిత క్షేత్రంలోని కూడికలు, గుణకారాల మీద నడుస్తుంది.

ఇద్దరూ ముందుగా కలుసుకోకుండానే రహస్యంగా మాట్లాడుకోవడం ఎలాగన్నది తర్వాతి ప్రశ్న. 1976లో డిఫీ, హెల్‌మన్ ఇందుకు దారి చూపారు. మరుసటి ఏడాది రివెస్ట్, షామిర్, ఆడిల్‌మన్ తమ పేర్ల మొదటి అక్షరాలతో పిలిచే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిని రూపొందించారు. 17వ శతాబ్దపు ఫెర్మా సిద్ధాంతం, దానికి ఆయిలర్ చేసిన విస్తరణ ఇందులో పునాది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం తేలిక, లబ్ధాన్ని చూసి ఆ రెండింటినీ కనుక్కోవడం కష్టం. అందుకే లబ్ధాన్ని పబ్లిక్ కీలో భాగంగా అందరికీ చూపి, ఆ రెండింటినీ దాచుకుంటారు. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అన్నది వేగంగా తేల్చవచ్చని 2002లో కాన్పూర్ ఐఐటీకి చెందిన అగ్రవాల్, కయాల్, సక్సేనా నిరూపించారు. కారణాంకాలు విడదీయడానికి మాత్రం అలాంటి వేగమైన మార్గం మామూలు కంప్యూటర్లకు దొరకలేదు. 2020లో 250 అంకెల ఒక సంఖ్యను విడదీయడానికి ఒక్క ప్రాసెసర్ కోరు చేస్తే దాదాపు 2,700 ఏళ్లు పట్టేంత పని అయింది. వాడుకలో ఉన్న 2048 బిట్ల కీలో 617 అంకెలుంటాయి.

కోరుట్లలో ఒకరు కిరాణా కొట్టు ముందు ఫోనులో యూపీఐ పిన్ నొక్కినప్పుడు ఈ గణితమే పనిచేస్తుంది. పిన్ ఫోనులోనే, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ భాగంలో, పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ అవుతుంది. యాప్ నడిపే కంపెనీకి సైతం అది కనిపించదు. పింఛను కోసం వేలు పెట్టినప్పుడు ఆధార్ వ్యవస్థ ఆ ముద్ర సమాచారాన్ని 256 బిట్ల ఏఈఎస్ కీతో మూసి, ఆ కీని 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏతో మళ్లీ మూసి పంపుతుంది. బ్యాంకులకు ఇలాంటి కీలు ఎవరివో పూచీపడే డిజిటల్ ధ్రువపత్రాల వ్యవస్థను ఏర్పరచడంలో, రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీది ముఖ్యపాత్ర. కొండగట్టు దగ్గర నాచుపల్లిలోని జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్సు విద్యార్థులు చదివే పాఠాల్లోనూ ఇవే సిద్ధాంతాలుంటాయి.

కీ నిజంగా యాదృచ్ఛికమేనా

రెండో దత్తాంశం తప్పితే ఏమవుతుందో చిన్న సంఖ్యలతో చూడవచ్చు. రెండు యంత్రాలు తమ కీలు తయారుచేసుకున్నాయి. ఒకదాని పబ్లిక్ సంఖ్య 11,413, మరోదానిది 12,827. విడివిడిగా వీటి కారణాంకాలు వెతకడం కాగితం మీద విసుగు పుట్టించే పని. కానీ యాదృచ్ఛికతలో లోపం వల్ల రెండు యంత్రాలూ ఒకే ప్రధాన సంఖ్యను ఎంచుకున్నాయేమోనన్న అనుమానంతో గరిష్ఠ సామాన్య భాజకం (గసాభా) కట్టి చూద్దాం. 12,827లోంచి 11,413 తీసేస్తే 1,414. 11,413ను 1,414తో భాగిస్తే శేషం 101. 1,414ను 101 నిశ్శేషంగా భాగిస్తుంది. మూడే అడుగుల్లో 101 అనే ఉమ్మడి కారణాంకం బయటపడింది. మొదటి సంఖ్య 101, 113ల లబ్ధమనీ, రెండోది 101, 127ల లబ్ధమనీ తేలిపోయింది, రెండు తాళాలూ ఊడిపోయాయి. 617 అంకెల సంఖ్యలకైనా ఈ లెక్క కంప్యూటరుకు రెప్పపాటు పనే. 2012లో రెండు పరిశోధక బృందాలు ఇంటర్నెట్‌లో కనిపించే పబ్లిక్ కీలను సేకరించి ఇదే పని చేసి, ఉమ్మడి కారణాంకాలున్న కీలను వేల సంఖ్యలో బయటపెట్టాయి. కారణాంక విభజన కష్టమన్న నమ్మకం అలాగే ఉంది, కీలు మాత్రం పోయాయి. దానికి వాడిన ఆయుధం క్రీస్తుకు పూర్వం యూక్లిడ్ రాసిపెట్టిన పద్ధతి.

రహస్యం కాని రహస్యం: వేలిముద్ర

ఇదే దత్తాంశం మనిషి వేలి మీద తప్పిన ఉదంతం ఈ ప్రాంతపు పొరుగునే ఉంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు పంపిణీ చేసే ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు దింపుకున్నాడు. వాటి మీద అమ్మినవారి, కొన్నవారి వేలిముద్రలున్నాయి, ఆధార్ సంఖ్యలూ ఉన్నాయి. రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలోనే ఆ ముద్రలను పాలిమర్ మీదికి ఎక్కించి, వాటితో అమ్మకాల టార్గెట్ కోసం వేల సంఖ్యలో సిమ్ కార్డులను యాక్టివేట్ చేశాడు. ఇందులో ఏఈఎస్ ఓడలేదు, ఆర్‌ఎస్‌ఏ ఓడలేదు. నకిలీ ముద్రను కూడా అవి అంతే భద్రంగా మూసి సర్వరుకు చేర్చాయి. వేలిముద్ర దాని యజమాని దగ్గర తప్ప ఎక్కడా ఉండదన్న దత్తాంశం, అది దస్తావేజు మీద పడి వెబ్‌సైట్‌కెక్కిన నాడే తప్పింది. పిన్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేము.

వేలిముద్ర సరిపోల్చడం గణాంకశాస్త్రం పని. ఒకే వేలి రెండు ముద్రలు అచ్చంగా ఒకలా పడవు కాబట్టి యంత్రం పోలికకు మార్కు వేసి, ఒక హద్దు దాటితే ఒప్పుకుంటుంది. హద్దు పెంచితే పరాయివాడు దూరడం తగ్గుతుంది కానీ అసలు మనిషిని తిప్పి పంపడం పెరుగుతుంది. తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే వేళ్లలో, తెగిన పోగులు అతికే వేళ్లలో గీతలు అరిగిపోతాయి. హద్దు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు గణితం ఒకే జవాబు ఇవ్వదు. ఏ తప్పుకు ఎంత ఖరీదు కట్టాలో ముందు మనం చెప్పాలి. ఆ ఖరీదు కట్టేవాడు పింఛను ఆగిన ముసలమ్మను లెక్కలోకి తీసుకోకపోతే సూత్రం సరైనదే అయినా ఫలితం అన్యాయమవుతుంది. 2023లో ఆధార్ సంస్థ ముద్రతో పాటు అది బతికున్న వేలిదా కాదా అని చూసే పరీక్షను చేర్చింది. దత్తాంశం తప్పిందని ఒప్పుకుని లెక్కను తిరగరాయడమంటే ఇదే.

అవతలి కొసన ఎవరు

మూడో దత్తాంశం అన్నిటికంటే పలచనిది. ఆరంకెల ఓటీపీని గుడ్డిగా ఊహించాలంటే మూడు ప్రయత్నాల్లో గెలిచే అవకాశం పది లక్షలకు మూడు. ఖాతాదారే ఫోనులో చదివి వినిపిస్తే అది నూటికి నూరు. ‘డిజిటల్ అరెస్టు’ అంటూ వీడియో కాల్‌లో పోలీసు వేషం వేసేవాడి మాటలు వాట్సాప్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తోనే ప్రయాణిస్తాయి. 2 ఘాతం 255 నుంచి 19 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్య మీద కట్టిన ఎలిప్టిక్ వక్రం ఆ కాల్‌ను కాపాడుతుంది, కాబట్టి మూడోవాడెవడూ ఆ బెదిరింపును వినలేడు. దారి భద్రంగా ఉంది, ఆ దారిన వచ్చింది అబద్ధం. ఎన్‌క్రిప్షన్ మాటను కాపాడుతుంది, మాట నిజమో కాదో చెప్పదు.

సిరిసిల్ల ఈ మోసానికి ఉన్న రెండో వైపునూ చూసింది. 2024లో సిరిసిల్ల ప్రాంతపు ఒక యువకుణ్ని ఉద్యోగమని చెప్పి కంబోడియాకు పంపి, అక్కడ సైబర్ మోసాల కేంద్రంలో పనిచేయించారు. కుటుంబం ఫిర్యాదు చేశాక పోలీసులు ఏజెంటును అరెస్టు చేశారు, భారత రాయబార కార్యాలయం సాయంతో ఆ యువకుడు బయటపడ్డాడు. వీసా ఏజెంటు మాట నమ్మి ఊరు దాటడం గల్ఫ్ వలస నాటి నుంచీ ఇక్కడ ఉన్నదే. అదే నమ్మకం ఇప్పుడు ఒక కొసన మోసపోయేవాణ్ని, ఇంకో కొసన మోసం చేయక తప్పని స్థితిలో పడినవాణ్ని తయారుచేస్తోంది.

అభ్యంతరాలు

అలాగైతే గణితం అనవసరమేనా, జనానికి అవగాహన కల్పిస్తే సరిపోదా అని అడగవచ్చు. మోసగాళ్లు మనుషుల మీద పడటానికి కారణమే లెక్క గట్టిగా ఉండటం. ఎన్‌క్రిప్షన్ తీసేస్తే వాళ్లకు ఫోను చేసే శ్రమ కూడా ఉండదు, దారిలోనే పిన్‌లు ఏరుకుంటారు. ఇక అవగాహన విషయానికొస్తే, కోట్ల మందిలో ప్రతి ఒక్కరూ ప్రతి రోజూ జాగ్రత్తగా ఉంటేనే నిలిచే వ్యవస్థలో దత్తాంశమే లోపభూయిష్ఠం. ఒకరు ఒక కాల్‌కు మోసపోయే అవకాశం వెయ్యికి ఒకటే అనుకున్నా, పదివేల కాల్స్ చేసేవాడికి సగటున పది మంది దొరుకుతారు. డబ్బు వస్తుందని నమ్మించి పిన్ కొట్టించే ‘కలెక్ట్’ అభ్యర్థనలను వ్యక్తుల మధ్య 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపేసింది. ఎన్నో ప్రచారాలు చేయలేని పని, ఆ అవకాశమే లేకుండా చేయడంతో అయింది.

క్వాంటం కంప్యూటర్లు వస్తే మొదటి దత్తాంశమే కూలుతుంది కదా, దృష్టి అటు ఉండొద్దా అన్నది ఇంకో వాదన. ఇది బలమైన వాదనే. పెద్ద క్వాంటం కంప్యూటరు ఉంటే కారణాంకాలు వేగంగా తీయవచ్చని పీటర్ షోర్ 1994లోనే చూపాడు. కానీ ఆ హెచ్చరిక బహిరంగంగా, దశాబ్దాల ముందు వచ్చింది. ఫలితంగా 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ కొత్త పద్ధతులను ప్రమాణాలుగా ప్రకటించింది, వాటిలో ముఖ్యమైనవి అనేక పరిమాణాల జాలకాల మీది కఠిన సమస్యలపై నిలిచాయి. భారతదేశం 2023లో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. మొదటి దత్తాంశానికి ఇంతమంది కాపలా ఉన్నారు. వెబ్‌సైట్‌కెక్కిన వేలిముద్రకు అంత కాపలా లేదు.

లావాదేవీలను గణాంకాలతో గమనించి మోసాన్ని యంత్రమే ఆపేస్తుందన్నది మూడో ఆశ. ఉదాహరణకు పది లక్షల లావాదేవీల్లో 100 మోసాలున్నాయనీ, యంత్రం మోసాన్ని నూటికి 99 సార్లు పడుతుందనీ, సక్రమమైనదాన్ని నూటికి ఒకసారే తప్పుపడుతుందనీ అనుకుందాం. అది 99 మోసాలను పడుతుంది, వాటితో పాటు 9,999 సక్రమ లావాదేవీలనూ ఆపుతుంది. ఆగిన ప్రతి వందలో సగటున ఒక్క అసలు మోసం కూడా ఉండదు. నెలకోసారి దుబాయి నుంచి పెద్ద మొత్తం వచ్చి, రెండు రోజుల్లో అప్పులకూ ఫీజులకూ ఖాళీ అయ్యే ఖాతా యంత్రానికి వింతగానే కనిపిస్తుంది. అలాంటి ఖాతాను స్తంభింపజేస్తే కష్టపడేది నిజాయితీపరుడి కుటుంబం. యంత్రం అనుమానించాలి, కానీ దాని అనుమానం ఫలితంగా ఖాతా మూతపడకూడదు, మరొకసారి అడగడమో కొంత ఆలస్యమో జరగాలి. డబ్బు పోయాక మాత్రం వేగమే ముఖ్యం. ఒక్కో ఖాతా నుంచి నాలుగేసి ఖాతాలకు చీలుతూ పోతే ఐదో అంచెలో 1,024 ఖాతాలవుతాయి. అంచెలు పెరగకముందే అడ్డుకోవాలి కాబట్టే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయమంటారు.

నమ్మకాన్ని పంచడం

దత్తాంశాలు తప్పుతాయని తెలిసి కూడా నిలిచే పద్ధతులు గణితంలో ఉన్నాయి. తెలుగు కుటుంబంలో పుట్టిన సి.ఆర్. రావు (1920–2023) ప్రయోగాల రూపకల్పన కోసం 1947లో ఆర్థోగోనల్ అరేల సిద్ధాంతాన్ని ప్రచురించారు. వాటిలో చిన్నదొకటి నాలుగు వరుసల్లో రాయవచ్చు: 000, 011, 101, 110. ఏ రెండు నిలువు గళ్లు తీసుకున్నా 00, 01, 10, 11 ఒక్కొక్కసారే వస్తాయి. ఒక వరుసను యాదృచ్ఛికంగా ఎంచుకుని, అందులో మూడో గడిని రహస్యం అనుకుని, మొదటి గడి ఒకరికీ రెండోది మరొకరికీ ఇస్తే, ఏ ఒక్కరికీ రహస్యం గురించి అణుమాత్రం తెలియదు. తన గడిలో 0 ఉన్నవాడికి రహస్యం 0 కావడానికీ 1 కావడానికీ సమాన అవకాశమే. ఇద్దరూ కలిస్తే పూర్తిగా తెలుస్తుంది. 1979లో షామిర్ బహుపదులతో చెప్పిన రహస్య విభజన ఈ భావానికి విస్తృత రూపం. ఇందులో ఏ కష్టమైన లెక్క మీదా ఆధారపడనవసరం లేదు. ఒక మనిషి మోసపోవచ్చన్నది ఇక్కడ లెక్కలోనే ఉంది. రావు పేరిట హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న సంస్థలో గూఢలిపి శాస్త్ర పరిశోధన సాగడం ఆయన ఆలోచనకు సహజమైన కొనసాగింపు.

పల్లెల్లో మహిళా సంఘాల ఖాతాలు ఇద్దరు ముగ్గురు బాధ్యుల సంతకాలతో నడుస్తాయి. వ్యక్తిగత ఖాతాలకూ ఇదే నియమాన్ని ఐచ్ఛికంగా ఇవ్వవచ్చు. ఖాతాదారు తానే పెట్టుకున్న హద్దు దాటిన మొత్తానికి మస్కట్‌లో ఉన్న కొడుకో, ఊళ్లో ఉన్న చెల్లెలో సరే అంటేనే డబ్బు కదులుతుంది. పెద్దవాళ్ల స్వేచ్ఛకు ఇది అడ్డమని అనవచ్చు. హద్దునూ రెండో మనిషినీ ఖాతాదారే ఎంచుకుంటే, ఎప్పుడైనా కొంత గడువుతో మార్చుకోగలిగితే ఆ అభ్యంతరం చాలావరకు తీరుతుంది. తక్షణ అవసరాలకు చిన్న మొత్తాలు ఎప్పటిలాగే నడుస్తాయి.

ఏ భద్రతా పథకాన్ని తూచినా ముందు అడిగేది కీ ఎన్ని బిట్లని. ఆ ప్రశ్నకు జవాబు దాదాపు ఎప్పుడూ తృప్తికరంగానే ఉంటుంది, ఈ ప్రాంతంలో నష్టపోయినవాళ్లు వాడిన వ్యవస్థల్లోనూ ఉంది. పథకం ఏయే విషయాలు నిజమనుకుంటోంది, వాటిలో ఏది ముందు తప్పే అవకాశముంది, తప్పితే నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు లేని పథకాన్ని, దాని గణితం ఎంత గొప్పదైనా, భద్రమైనదని ఒప్పుకోవలసిన పని లేదు.